బాయిలరు మిత్రమండలికి ఒక్కరోజు కాపలా

ఆ ఇంట్లో ఆ పూట గొడవ సబ్బు దగ్గర మొదలైంది. అరిగి అరిగి రేకులా మిగిలిన పాత సబ్బు ముక్కను కొత్త సబ్బు వీపుకు అంటించడం ఆ ఇంటాయనకు పెళ్లినాటి నుంచీ ఉన్న అలవాటు. ఆ అతుకు కంటపడితే చాలు, ఇల్లాలికి ఒళ్లు మండుకొస్తుంది.

"సబ్బుకు మూపురమేమిటండీ, ఎద్దుకున్నట్టు! చేతికి గుచ్చుకుంటోంది."

"పారెయ్యమంటావా? ఇంకా నాలుగు రోజులొస్తుంది."

"పద్దెనిమిదేళ్ల నుంచి ఆ నాలుగేసి రోజులూ మిగులుస్తూనే ఉన్నారు. కూడబెట్టినవి ఎక్కడ దాచారు?"

ఆయన నోట్లో నాలుక లేని మనిషి. సబ్బు అతుకును బొటనవేలితో ఇంకాస్త గట్టిగా నొక్కాడు. హాల్లోంచి అత్తగారు అందుకుంది. "అంటుకుంటే ఉంచండి, ఊడితే పారెయ్యండి. పొద్దున్నే సబ్బు మీద పంచాయితీ ఏమిటర్రా! వాడికివాళ పెద్ద పని ఉంది."

పెద్ద పనే. ఆయన ఒక కర్మాగారంలో బాయిలరు నడుపుతాడు. ఏడాదికోసారి మంట ఆర్పి, చల్లార్చి, మనిషి లోపలికి దూరి ఇనుమంతా తట్టి చూసే రోజు అది. ఆ రోజున బాయిలరు లోపలికి దిగేవాళ్ల ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. అందుకే ఆయన ఫోను ఇంట్లో వదిలి వెళ్లాలి. ఫోను వదలడం ఆయనకు బెంగ కాదు, ఫోనులో ఉన్న పదకొండు వందల మందిని వదలడమే బెంగ.

బాయిలరు మిత్రమండలి అని ఒక చర్చా గుంపు ఉంది. ఎక్కడెక్కడి కర్మాగారాల్లోనో బాయిలర్లు నడిపేవాళ్లు అందులో సందేహాలు అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు. దాన్ని మొదలుపెట్టిందీ ఈయనే, నడిపేదీ ఈయనే. నడపడమంటే ఎవరైనా కసురుకుంటే ఇద్దరికీ విడివిడిగా దండం పెట్టడం. పైగా ఆ వారమే హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. కొత్తవాళ్లకు పని నేర్పే శిక్షకుడి ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందనీ, గుంపును సవ్యంగా నడిపే మనిషైతే ఆ ఉద్యోగం ఆయనకే ఇవ్వొచ్చనీ, పెద్దింజినీరు ఈ రోజు గుంపును స్వయంగా చూస్తాడనీ.

ఆ ఉద్యోగం ఎంత అవసరమో ఇల్లాలికి తెలుసు. పోయిన నెల ఆయన వేడికి తాళలేక మంట ముందే కళ్లు తిరిగి పడ్డాడు. ఇంకో ఏడాది ఆ వేడిలో ఉంటే మనిషి దక్కడం కష్టమని డాక్టరు ఆవిడను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట ఆవిడ అత్తగారికి చెప్పలేదు, ఆయనకు సగమే చెప్పింది. మిగతా సగం తన గుండెలోనే పెట్టుకుని తిరుగుతోంది.

"ఒక్కరోజే," అని ఆయన ఫోను చేతిలో పెట్టాడు. "ఐదు నియమాలున్నాయి, పైనే రాసి ఉన్నాయి. బాయిలరు గురించి కానిది తీసెయ్యాలి. తిడితే హెచ్చరించాలి. రెండోసారీ తప్పు చేస్తే బయటికి పంపాలి. పంపినవాళ్లను నెల తిరిగేదాకా చేర్చుకోకూడదు. ఎంత పెద్దవాడైనా ఒకటే నియమం."

"ఇవన్నీ మీరు పాటిస్తున్నారా?"

"రాశాను కదా," అన్నాడాయన, చెప్పులు వేసుకుంటూ.

ఆవిడ డిగ్రీ చదివిన మనిషి. రాసి ఉన్న నియమాన్ని పాటించకపోవడం అంటే ఏమిటో ఆవిడకు అర్థం కాదు. ఎనిమిదిన్నరకు వంటగది బల్ల మీద ఫోను నిలబెట్టి, పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చుంది.

మొదటి పావుగంటలో నలభై మూడు పూల బొమ్మలొచ్చాయి. అన్నిటి మీదా శుభోదయమే. నలభై మూడూ తీసేసింది. ఒకాయన "అన్నా, నా గులాబీ ఏమైంది?" అని అడిగాడు. "గులాబీకి బాయిలరుతో పని లేదు," అని రాసింది. గుంపంతా చప్పున నిశ్శబ్దమైపోయింది. మెతకవాడనుకున్న అన్నకు ఈ వేళ ఏమైందో ఎవరికీ పాలుపోలేదు. ఆ నిశ్శబ్దం చూసి ఆవిడకు భయం వేసింది. పదకొండు వందల మంది ఊపిరి బిగబట్టి తననే చూస్తున్నట్టుంది. వాళ్లలో ఒకరు పెద్దింజినీరు.

పదకొండు గంటలకు అసలు భయం వచ్చింది. ఒక పాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ రాసింది: "నీటిమట్టం చూపే గాజుగొట్టంలో నీళ్లు కనబడటం లేదు. మంట మండుతూనే ఉంది. నీళ్లు వదలనా? ఎవరైనా వెంటనే చెప్పండి."

ఇల్లాలికి బాయిలరు సంగతులేవీ తెలియవు. కానీ వెంటనే అన్న మాట తెలుసు. ఆ గుంపులో ఇద్దరు మహానుభావులున్నారు. అసలు పేర్లు ఎవరికీ తెలియవు. ఒకరు ఆవిరి తాత, రెండోవారు వాల్వు మాస్టారు. ఇద్దరికీ తెలియనిది లేదు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.

"ముందు గొట్టం తుడిచి చూడమనండి. ఇప్పటివాళ్లకు అదీ రాదు," అని తాత రాశాడు.

"తాతా, మీరు పనిచేసిన చోట తుడిచే గుడ్డే ఉండేది కాదటగా," అని మాస్టారు అందుకున్నాడు.

"నువ్వు పుట్టకముందే ఆవిరి తోలినవాణ్ణి!"

"తెలుసు తెలుసు. గోడలు పడిపోయేదాకా తోలారు."

వెనక నుంచి నవ్వు ముఖాలు డజన్ల కొద్దీ వచ్చి పడ్డాయి. పాల ఫ్యాక్టరీ ఆవిడ మళ్లీ రాసింది: "ఎవరైనా చెప్పండి. చప్పుడు మారుతోంది." ఆ మాట నవ్వు ముఖాల కింద మునిగిపోయింది.

ఎక్కడో ఎవరో ఒకావిడ మంట పక్కన నిలబడి ఫోను వంక చూస్తోంది. ఇక్కడేమో ఇద్దరు పెద్దమనుషులు గుడ్డ ముక్క కోసం కొట్టుకుంటున్నారు. ఆవిడకు తన భర్త మంట ముందు పడిపోయిన రోజు కళ్లముందు కదిలింది. ఫోను లాక్కుని రాసేసింది.

"ఇద్దరూ ఆగండి. ఆ మనిషి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని అడుగుతోంది. ఈ మాటలు మీ అమ్మగారు పక్కన కూర్చుంటే అనేవారా? తాతగారూ, ఏం చెయ్యాలో ఒక్క ముక్కలో చెప్పండి. మాస్టారూ, అది సరో కాదో మీరు చెప్పండి. మిగతా ఎవరు నోరు విప్పినా బయటికే. క్షమాపణలు తర్వాత."

ఒక నిమిషం ఏమీ రాలేదు. ఆ నిమిషంలో అత్తగారు వచ్చి "కూరేమైనా తరగనా?" అని అడిగింది. ఇల్లాలికి వినబడలేదు.

"మంట ఆర్పండి. నీళ్లు వదలొద్దు," అని తాత రాశాడు.

"సరైన మాట. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. అందరూ దూరం జరగండి. పూర్తిగా చల్లారాకే దగ్గరికి వెళ్లండి," అని మాస్టారు రాశాడు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు. గోడ గడియారం ముల్లు కదలడం ఆవిడ పెళ్లయ్యాక మొదటిసారి చూసింది. చివరికి పాల ఫ్యాక్టరీ నుంచి మాట వచ్చింది: "ఆర్పాం. అందరం బయట ఉన్నాం. నీళ్లు అడుగంటిపోయాయట. నీళ్లు వదిలుంటే ఏమయ్యేదో అని మా మేనేజరు ఇప్పుడు కుర్చీలో కూలబడ్డాడు. మీకు దండం."

ఇల్లాలు కళ్లు తుడుచుకుంది. కాగితం మీద రాసుకున్నది చూసుకుని మళ్లీ ఫోను అందుకుంది. "మంచిది. ఇప్పుడు క్షమాపణలు. ముందు మాస్టారు." మాస్టారు ఏదో రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. ఎంతోసేపటికి "క్షమించండి తాతా," అని వచ్చింది. "నువ్వూ క్షమించు నాయనా," అని తాత రాశాడు. ఆ గుంపు పుట్టాక అలాంటి మాట అదే మొదలు.

పన్నెండున్నరకు ఒక కొత్త నంబరు గుంపులోకి వచ్చింది. పేరు లేదు. ముఖం ఉండాల్సిన చోట సూర్యాస్తమయం. వస్తూనే అడిగాడు: "అందరూ భోంచేశారా?"

"ఇది భోజనాల కబుర్లకు చోటు కాదు. ఒకసారి హెచ్చరించడమైంది," అని ఇల్లాలు రాసింది.

"ఊరికే అడిగానండీ. ఇంట్లో అందరూ కులాసాయేనా?"

నియమం నియమమే. సూర్యాస్తమయాన్ని బయటికి పంపేసి, ఆవిడ అన్నం తినడానికి లేచింది. రెండు ముద్దలు తిన్నదో లేదో ఫోను మోగింది. కర్మాగారం స్టోర్‌కీపరు.

"వదినగారూ, అన్న ఇవాళంతా బాయిలరు పనిలోనే ఉంటాడు. మీకో మాట చెబుదామని. హెడ్డాఫీసు పెద్దింజినీరు పేరు బయటపెట్టకుండా గుంపులో ఉన్నాడట. ఎవరెలా మాట్లాడతారో చూస్తున్నాడట. జాగ్రత్త!"

"ఏ పేరుతో?"

"పేరే లేకుండానేమో, ఎవరికి తెలుసు! ఉంటానండీ."

చేతిలో ముద్ద కంచంలో పడేసింది. పేరు లేకుండా వచ్చింది ఒక్కడే. వచ్చి ఎంతో మర్యాదగా కులాసా అడిగిన పెద్దమనిషిని పట్టుకుని మెడ బట్టి గెంటేసింది! ఉద్యోగం పోయింది. ఇంకో ఏడాది మంట ముందే. ఇంకో ఏడాది ఉంటే డాక్టరు ఏమన్నాడు?

"అత్తయ్యా," అంది, కంచం పక్కకు తోసి. "కొంప ముంచాను."

సంగతంతా విని అత్తగారు గడప మీద కూలబడింది. కాసేపటికి తేరుకుంది. "చేతులు కాలాయి, ఎలాగూ కాలాయి. ఆకులైనా పట్టుకుందాం. తప్పయిందని రాయవే."

నెల తిరిగేదాకా చేర్చుకోకూడదన్న నియమం ఒకటుంది కనుక, గుంపులోకి కాక సూర్యాస్తమయానికే విడిగా రాసింది: "అయ్యా, తమరెవరో తెలియక బయటికి పంపాను. తప్పంతా నాదే. మా ఇంటాయనకు ఏ పాపమూ తెలియదు. మనసులో పెట్టుకోకండి."

పది నిమిషాలకు జవాబు వచ్చింది: "ఎన్ని భోజనాలు?"

ఇల్లాలి ముఖం పాలిపోయింది. "దెప్పుతున్నాడత్తయ్యా! భోంచేశారా అంటే బయటికి పంపాను కదా, అది ఎత్తిపొడుస్తున్నాడు."

"నీకు పెద్దవాళ్ల మాట తీరు తెలియదు. సూటిగా చెప్పరు వాళ్లు. మనింటికి భోజనానికి వస్తానంటున్నాడు. ఎంతమందికి పెట్టగలవో తేల్చుకోమంటున్నాడు. పోయిన ఉద్యోగం గుమ్మంలోకి నడిచొస్తుంటే దెప్పుడంటావేం!"

భయపడ్డ మనిషికి ఏ దారైనా దారే. "తమ ఇష్టం. తమరు ఎన్నంటే అన్ని," అని రాసింది.

"ముప్ఫై. ఎక్కడికి? ఎన్నింటికి?"

అత్తా కోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ముప్ఫై మందితోనా!" అంది ఇల్లాలు. "ఆఫీసంతా కదిలొస్తోందే," అంది అత్తగారు, గర్వం సగం, గుండెదడ సగం కలిపి. చిరునామా రాసి, ఏడింటికి అని పెట్టారు. అవతలి నుంచి ఒక బొటనవేలు వచ్చింది.

ఇంట్లో ఉన్నవి ఆరు కంచాలు, నాలుగు కుర్చీలు, ముగ్గురికి సరిపోయే గిన్నె. మధ్యాహ్నం రెండు నుంచి ఆ వంటగదిలో జరిగింది వంట కాదు, యుద్ధం. రెండు పొయ్యిలూ ఆరలేదు. కింది వాటాలో ఉండే దర్జీతో మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగి కుర్చీలు, పై వాటా టీచరమ్మ దగ్గర పెద్ద గిన్నెలు అడిగి తెచ్చింది అత్తగారు. తెస్తూ ఊరుకుందా? "మా వాడికి పెద్ద ఉద్యోగమొస్తోంది, హెడ్డాఫీసువాళ్లంతా వస్తున్నారు," అని ప్రతి గుమ్మంలోనూ ఒక ముక్క వదిలి వచ్చింది.

"అత్తయ్యా! రాకముందే చెప్పేశారా?"

"వస్తే చెప్పిందే అవుతుంది. రాకపోతే ఉద్యోగం పోయిన దుఃఖం ముందు ఈ సిగ్గు ఒక లెక్కా?"

ఇల్లాలు గరిటె తిప్పుతూనే మధ్యమధ్య గుంపు చూసుకుంటోంది. అక్కడ అంతా వినయమే. మంట రంగు గురించి అడిగినవాడు "తమరి అనుమతితో" అని మొదలుపెడుతున్నాడు. జవాబు చెప్పినవాడు "తప్పయితే మన్నించండి" అని ముగిస్తున్నాడు. తుమ్మితే బయటికి పంపుతుందేమోనన్నట్టున్నారు. అది చూసి ఆవిడకు ఇంకా దిగులైంది. ఇంత చక్కగా నడుస్తున్న గుంపు, చూడాల్సిన ఒక్క మనిషే లోపల లేడు.

ఏడింటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇల్లాలు చీర సర్దుకుంది. అత్తగారు కుర్చీల వరస సరిచేసింది. తలుపు తీస్తే ఎదురుగా ముప్ఫై మంది లేరు. మసి అంటిన చొక్కాతో ఆయన ఒక్కడే ఉన్నాడు. వెనక కర్మాగారం క్యాంటీనాయన, మూడు పెద్ద సంచుల నిండా భోజనం డబ్బాలు.

"ఇవాళ సగం మంది సెలవు, మిగిలిపోతాయేమో అనుకుంటున్నానమ్మా," అన్నాడు క్యాంటీనాయన సంతోషంగా, సంచులు దింపుతూ. "దేవతలా మీరడిగారు. ముప్ఫైకి ముప్ఫై, లెక్క చూసుకోండి."

ఇల్లాలు సంచుల వంక, భర్త వంక, కుర్చీల వంక చూసింది. "పెద్దింజినీరుగారు ఏరండీ?"

"ఆయన ఇక్కడికెందుకొస్తాడు?" అని భర్త లోపలికి వచ్చి, ముప్ఫై మందికి వేసిన కుర్చీలు చూసి గోడకు చేరగిలపడ్డాడు. "ఎవరైనా పోయారా?"

అప్పుడు ఫోను తీసి సూర్యాస్తమయాన్ని చూపించింది. ఆ బొమ్మ చూడగానే క్యాంటీనాయన ముఖం వెలిగింది. "ఇది నా నంబరే కదా! మా ఇంటి డాబా మీంచి తీసిన ఫోటో." ఆయనకు రోజూ వందల మెసేజీలొస్తాయట. పొడవుగా ఉంటే చదవడట. అందరికీ ఒకటే అడుగుతాడట, ఎన్ని భోజనాలని.

"మరి గుంపులోకి వచ్చి భోంచేశారా అని అడిగిందీ మీరేనా?"

క్యాంటీనాయన బుర్ర గోక్కున్నాడు. ఇంటాయన తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు. ఆ చూపు అందరికంటే ముందు కన్నతల్లి పట్టుకుంది. "ఒరే, నువ్వా!"

"మనసాగలేదమ్మా," అన్నాడాయన. "భోజనానికి బయటికి వచ్చినప్పుడు ఈయన ఫోను అడిగి తీసుకున్నాను. గుంపు లింకు క్యాంటీను గోడ మీద అంటించే ఉందిగా. ఇవాళ ఫోను ముట్టుకున్నానని తెలిస్తే తంటా, అందుకని పేరు చెప్పలేదు. ఎలా ఉన్నారో ఏమోనని అడిగాను. అడిగితే ఇలా..." ఆయన భార్యకేసి భయంగా చూశాడు. "నెల రోజులకు గెంటేసింది."

ఇల్లాలు ఒక కుర్చీలో కూర్చుంది. ముప్ఫై ఉన్నాయి కనుక వెతుక్కోనక్కర్లేకపోయింది. "అయితే పెద్దింజినీరు గుంపులో లేనే లేడా?"

"లేకేం! రెండేళ్ల నుంచి ఉన్నాడు. నాలుగున్నరకు మేనేజరు గదిలోకి పిలిచి ఫోను ఇచ్చారు." ఆయన గొంతు తగ్గించాడు. "వాల్వు మాస్టారు ఎవరనుకున్నావు? ఆయనే."

మీ అమ్మగారు పక్కన ఉంటే అనేవారా, క్షమాపణ చెప్పండి, ముందు మాస్టారు. తాను రాసిన ముక్కలన్నీ ఒక్కొక్కటీ ఇల్లాలి కళ్లముందు వరస కట్టాయి. సగం చచ్చిన ప్రాణం మిగతా సగం కూడా చచ్చింది. "నాశనం చేశాను," అంది నెమ్మదిగా. "ఏమన్నాడు?"

"రెండేళ్లుగా నేను ఆవిరి తాతతో పోట్లాడుతుంటే నీకు కనబడలేదా, ఇవాళే కళ్లు తెరిచావా అన్నాడు. పాల ఫ్యాక్టరీలో ఏడుగురు బతికారు, నా నోరు మూయించకపోతే బతికేవాళ్లు కాదు, ఆ మూయించినవాడు నాకు కావాలి, శిక్షకుడి ఉద్యోగం నీదే అన్నాడు."

అత్తగారు రెండు చేతులూ జోడించింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఒప్పుకుంటే సరిపోయేది. నోరూరుకోక, నేను కాదు సార్, మా ఆవిడ అనేశాను."

"అయ్యో రాత!" అంది తల్లి.

"మీ ఆవిడా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, బాయిలరు సంగతి నీకు తెలుసు కనుక ఉద్యోగం నీకే ఉంచుతున్నా, ఒకటో తారీఖు నుంచి మంట దగ్గరికి వెళ్లనక్కర్లేదు అన్నాడు. గుంపు సంగతి మాత్రం మీ ఆవిడను అడిగి చెప్పమన్నాడు."

ఇల్లాలికి వెంటనే ఏడుపు వచ్చింది. ఎందుకో ఆవిడ చెప్పలేదు. డాక్టరు మాట మిగతా సగం ఆ ఏడుపులో కొట్టుకుపోయింది. ఈలోగా మెట్ల నిండా జనం. దర్జీ కుటుంబం, టీచరమ్మ, పై అంతస్తు వాళ్లు, పెద్ద ఉద్యోగం వచ్చిన మనిషిని చూడటానికి. వచ్చినవాళ్లకు వచ్చినట్టే తలా ఒక డబ్బా చేతిలో పెట్టి పంపించింది అత్తగారు. ఇంట్లో వండింది మాత్రం ఇంట్లోనే మిగిలింది.

తొమ్మిదింటికి ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. ఇల్లాలు వడ్డించి, తన కంచం ముందుకు లాక్కుని, మెల్లగా చెప్పింది.

"ఆలోచించాను. రేపటి నుంచి గుంపు నేనే చూస్తాను. వంటయ్యాక పది నుంచి నాలుగు దాకా."

"మంచిదే," అన్నాడాయన, భారం దిగినట్టు. "నా నంబరు ఎలాగూ అందులోనే ఉంది, నేనూ అప్పుడప్పుడూ..."

"లేదు. సాయంత్రం నా నంబరు చేర్చి, మీది తీసేశాను. ఫోను ఎవరిదైనా మాట మీది. ఒకసారి హెచ్చరించాను కూడా. నెల తిరిగాక చేరండి."

"నేను పెట్టిన గుంపే!"

"మీరు రాసిన నియమమే."

అత్తగారు కోడలి వంక, కొడుకు వంక చూసి, ఎవరి పక్షమూ తీసుకోకుండా అన్నం కలుపుకుంది. ఆయన కూర నోట్లో పెట్టుకున్నాడు. ముప్ఫై మందికి వండే కంగారులో అందులో ఉప్పు పడలేదు. చెబుదామని నోరు తెరిచి, ఇది విషయానికి సంబంధించిన మాటో కాదో తేలక, మళ్లీ మూసుకున్నాడు.